నర్సమ్మగారి నాలుగు టైర్లు

నర్సమ్మగారు పోయారన్న కబురు నాకు కైకలూరు బస్సు కండక్టరు చెప్పాడు. నిన్న పొద్దున్న బడికి వెళుతూ ఏలూరు బస్టాండు పక్కన సైకిలుకు గాలి కొట్టించుకుంటున్నాను. అతను బస్సు దిగి తిన్నగా నా దగ్గరికి వచ్చి, "మాస్టారండీ, మన నర్సమ్మగారు పోయేరండి. నిన్న సాయంత్రం, కలిదిండిలో" అన్నాడు. ఆ తరువాత ఏం చెయ్యాలో తోచక విజిలు నోట్లో పెట్టుకున్నాడు గాని ఊదలేదు. గాలి కొడుతున్న సాయిబుగారు పంపు వదిలేసి లేచి నిలబడ్డారు. బస్సులో, ఊళ్ళో చేపలమ్ముకుని ఖాళీ బుట్టలతో తిరిగి వెళుతున్న కొల్లేటి లంకల ఆడవాళ్ళు కొందరున్నారు. వాళ్ళలో ఒకామె కిటికీలోంచి తల బయటపెట్టి, బస్సు ఎక్కడా ఆపకుండా కలిదిండి పోనిమ్మని డ్రైవరును గదమాయించింది. అది అడగడం కాదు, గదమాయించడమే. నర్సమ్మగారి చేతుల మీదుగా బిడ్డల్ని కన్నవాళ్ళకు ఆ గొంతు ఆవిడ దగ్గరే అబ్బి ఉంటుంది.

ఇది చదువుతున్న మీలో చాలామంది ఆవిడను ఎరుగుదురు. ఎరగమనుకునేవాళ్ళు ఒకసారి ఇంట్లో అమ్మగారిని అడిగి చూడండి. మీకు గుర్తుండదు గాని, ఈ లోకంలో మీ మొహం మొదట చూసింది ఆవిడే కావచ్చు.

పవర్‌పేటలో మా ఇంటికీ ఆవిడ ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. ఆవిడ పొడుగ్గా, సన్నగా ఉండేవారు. తెల్లచీర, చేతికి మగవాళ్ళ గడియారం, చంకలో నల్లగొడుగు. మద్రాసులో పురుళ్ళు పోసే చదువు చదివి వచ్చి, ఊళ్ళో ఆస్పత్రిలో కొన్నాళ్ళు చేసి, అక్కడ కుర్చీలో కూర్చోవడం ఇష్టంలేక కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళు పట్టుకు తిరగడం మొదలుపెట్టారు. ఎవరు ఎదురైనా ముందు ఆవిడ చూపు వాళ్ళ గోళ్ళ మీద పడేది. గోళ్ళు బాగుంటేనే తల ఎత్తి మొహం చూసేవారు. మా హెడ్మాస్టరుగారంతటివారు ఆవిడ వీధిలో కనబడితే చేతులు వెనక్కి పెట్టుకునేవారు. నేను డ్రాయింగు మాస్టారిని, నా గోళ్ళ సందున ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది. అందుకని నాకు మాత్రం చూసీ చూడనట్టు వదిలేసే మినహాయింపు దొరికింది.

కాన్పు జరిగే ఇంట్లో ఆవిడ మగవాళ్ళను గుమ్మం దగ్గర నిలబడనిచ్చేవారు కాదు. మా అమ్మాయి పుట్టినప్పుడు నేను వరండాలో స్తంభం పట్టుకుని కళ్ళు తుడుచుకుంటుంటే బయటికి వచ్చి, "మాస్టారూ, ఈ ఇంట్లో ఇవాళ ఏడవాల్సింది పుట్టబోయేది ఒక్కత్తే. మీరెళ్ళి నీళ్ళు కాచండి" అన్నారు. ఆడపిల్లే పుడుతుందని ఆవిడకు ముందే ఎలా తెలిసిందో గాని, నీళ్ళు మాత్రం నేను కాచాను. ఈ మాట ఆవిడ కొల్లేటి చుట్టూ ఎందరు మొగుళ్ళతో అన్నారో, అందరూ నాలాగే నీళ్ళు కాచి ఉంటారు.

ఆవిడ గురించి చెప్పడమంటే ఆవిడ కారు గురించి చెప్పడం కూడా. కాలవల ఇంజనీరుగా చేసిన దొర ఒకాయన ఎప్పుడో సీమకు వెళ్ళిపోతూ వదిలిపెట్టిన బండి అది. దొరసానికి పురుడు పోసినందుకు ఊరికే ఇచ్చి వెళ్ళాడని కొందరూ, లేదు, ఎవరూ కొనక ఆవిడకు అంటగట్టాడని కొందరూ చెప్పేవారు. నాకు రెండోది నిజమనిపిస్తుంది. గుడ్డ టాపు చిరిగిపోతే ఆవిడ పైన తుంగచాప కట్టించారు. రబ్బరు బూర ఊడిపోతే కమ్మరి అటువైపు చెక్క గట్టిగా ఉందని డ్రైవరు చెయ్యి అందని పక్కకు బిగించాడు. అందుచేత బూర మోగించడానికి పక్కన ఎవరైనా కూర్చోవాలి. ఎవరూ లేని రోజున ఆవిడే కిటికీలోంచి తల బయటపెట్టి, "తప్పుకోండయ్యా, కడుపుతో ఉన్న మనిషి దగ్గరికి వెళుతున్నాను" అని కేకవేసేవారు. ఆ కేకకు ఎద్దులు కూడా తప్పుకునేవి.

దాన్ని చూసి నవ్వనివాళ్ళు లేరు. సైకిలు మీద పోయేవాళ్ళు దాటిపోతూ ఆవిడకు నమస్కారం పెట్టి మరీ దాటిపోయేవారు. అయినా గణపవరం మొదలుకొని కలిదిండి దాకా ఏ ఊళ్ళో ఏ వేళ నొప్పులు వచ్చినా ఆ బండే కదిలేది. రేవు దాకా కారు, అక్కడినుంచి పడవ. లంకల్లోంచి కష్టపడుతున్న మనిషిని పడవలో తెచ్చి ఒడ్డున కారెక్కిస్తే ఆస్పత్రి దాకా ఆగని బిడ్డలు కొందరు ఆ కార్లోనే పుట్టారు. అలా పుట్టినవాళ్ళకు లంకల్లో మోటారయ్య అనీ మోటారమ్మ అనీ పేర్లు పెట్టుకున్నారు. నేనెరిగిన మోటారమ్మ ఒకర్తి ఇప్పుడు బడికి పోతోంది.

నేను చెప్పబోయే ఏడాదికి బండికి అన్నీ ఉండి టైర్లే లేవు. ఉన్నవి అరిగి లోపలి గుడ్డ బయటపడింది. ఒక చక్రంలో ట్యూబు పాడైపోతే యుద్ధకాలంలో చేసినట్టు ఎండుగడ్డి పేని కుక్కి నడిపిస్తున్నారు. వచ్చే వర్షాలకు ఆ చక్రాలతో కొల్లేటి గట్టు ఎక్కడం కల్ల. గట్టు ఎక్కకపోతే లంకలకు ఆవిడ లేనట్టే. ఆ సంగతి ఆవిడకు తెలుసు, గోడకు ఇవతల ఉన్న నాకూ తెలుసు. ఆవిడ మాత్రం ఎవరినీ ఏమీ అడిగే మనిషి కాదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు చలికాలంలో మా ఊరి క్లబ్బు పెద్దలకు ఒక ఆలోచన వచ్చింది. మద్రాసులో పాత మోటారు కార్లన్నీ ముస్తాబు చేసి ఊరేగిస్తారని ఎవరో చూసివచ్చి చెప్పారు. మద్రాసు మనకు రాకపోతే పోయె, మనమేం తక్కువ తిన్నామా అని వీళ్ళూ ఏలూరు నడిబజారులో పాత కార్ల ప్రదర్శన పెట్టారు. పాతికేళ్ళు దాటిన బళ్ళన్నీ పవర్‌పేట స్టేషను దగ్గర బయలుదేరి, మెయిన్ బజారు గుండా వెళ్ళి, కాలవ వంతెన ఎక్కి దిగి, మైదానానికి చేరాలి. తన ఇంజను మీద తాను రావాలి. దారిలో ఎవరు చెయ్యి వేసి తోసినా ఆ బండి పోటీలో లేనట్టే. మైదానంలో, అప్పటి ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టినట్టు, ఒక్కో కారు ముందు ఒక్కో కుండ పెడతారు. గేటు దగ్గర పెద్దవాళ్ళకు మగ, ఆడ తేడా లేకుండా ఒక్కో గులాబీరంగు చీటీ ఇస్తారు. నచ్చిన కారు కుండలో చీటీ వెయ్యడమే.

గెలిచిన కారుకు తాడేపల్లిగూడెంలో టైర్ల షాపు పెట్టిన ఒక పెద్దమనిషి నాలుగు కొత్త టైర్లు ఇస్తానన్నాడు. ఏ బండి గెలిస్తే ఆ బండి కొలతవి ఇస్తాడట. నేను ఈ సంగతి గోడ మీదుగా చెప్పేటప్పుడు నర్సమ్మగారు దూది ఉండలు చుడుతున్నారు. కార్ల ఊరేగింపు అన్నంతసేపూ ఆవిడ తల ఎత్తలేదు. టైర్లు అనగానే చేతిలో ఉండ ఆగింది. లేచి వెళ్ళి కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "పేరు రాయించండి మాస్టారూ" అన్నారు.

అక్కడినుంచి ఆ బండి భారం నేను నెత్తినేసుకున్నాను. ఆవిడ కాన్పులకు పోని వేళల్లో, నేను బడికి పోని వేళల్లో దాన్ని తోమాను. ఇత్తడి దీపాలు చింతపండుతో తోమితే మొహం కనిపించింది. ఒళ్ళంతా ఆకుపచ్చ రంగు వేశాను. తలుపుల పొడుగునా పసుపు రంగుతో రెండు సన్నని గీతలు గీశాను. ఎన్నో ఏళ్ళుగా పిల్లలచేత గీతలు గీయిస్తున్నాను గాని అంత తిన్నని గీత నేనూ ఎప్పుడూ గీయలేదు. మా ఆవిడ చూసి, మన ఇంటి తలుపులకు ఇంత శ్రద్ధ ఏనాడూ పట్టలేదే అంది. పోటీలో రైసు మిల్లు యజమాని ఒకాయన పెద్ద పొడుగాటి కారు ఉంది. దానికి వెండి పూత పెట్టిన బూర ఉందని ఊరంతా చెప్పుకుంటున్నారు. అయినా నా గీతల మీద నాకు నమ్మకం ఉంది.

ప్రదర్శన ఆదివారం. శుక్రవారం మధ్యాహ్నం లంకనుంచి మనిషి వచ్చాడు. తొలిచూలు, నొప్పులు మొదలయ్యాయి. నర్సమ్మగారు సంచీ తీసుకుని కారెక్కారు. రంగు జాగ్రత్తండీ అని నేను వెనకనుంచి అరిచాను. శనివారం సాయంత్రం బండి తిరిగి వచ్చింది. వస్తున్నది ఆ బండేనని నాకు తెలిసింది చప్పుడునుబట్టి గాని రూపునుబట్టి కాదు.

నల్లగా ఉంది. ముందునుంచి వెనకదాకా, దీపాలతో సహా, నా పసుపు గీతలతో సహా, కారుతున్నంత నల్లగా ఉంది. నాలుగిళ్ళ అవతలికి చేపనూనె వాసన కొడుతోంది.

జరిగింది ఇది. కారును రేవులో వదిలి ఆవిడ పడవలో లంకకు వెళ్ళారు. ఈ బండి ఏలూరులో పోటీకి పోతోందన్న మాట రేవులో వాళ్ళ చెవిన పడింది. పోటీకి పోయే బండిని బోసిగా పంపుతామా అనుకున్నారు. కొల్లేటివాళ్ళకు అపురూపమైన వాహనమంటే పడవే. పడవను నీళ్ళలో దింపేముందు తారు పూసి, పైన చేపనూనె రుద్ది, ముక్కు మీద పసుపూ కుంకుమా పెడతారు. అంతకు మించిన ముస్తాబు వాళ్ళెరగరు. ఊరంతా కలిసి, ఎవరింట్లో ఉన్న తారు వాళ్ళు తెచ్చి, మరుగుతున్న దాన్ని చల్లార్చి, మొన్ననే రంగు వేసిన కారుకు మందంగా పట్టించారు. ఆవిడ పడవ దిగేసరికి రేవులో వాళ్ళంతా వరసగా నిలబడి ఉన్నారట. ముసలాయన ఒకడు ముందుకొచ్చి, ఇక మీ బండికి వానొచ్చినా వరదొచ్చినా భయంలేదండి, నీళ్ళలో దింపినా తేలుతుందండి అన్నాడట.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తారు ఎండాలంటే మంచి ఎండలో నాలుగైదు రోజులు పడుతుంది, చలికాలంలో చెప్పనే అక్కర్లేదు. ఇంట్లోకి పరుగెత్తి కిరసనాయిలు డబ్బా, మా ఆవిడ పాతచీర తెచ్చాను. తుడిస్తే అడుగున నా ఆకుపచ్చ కొంతైనా బయటపడకపోదు. నర్సమ్మగారు గుమ్మం మెట్టు మీద కూర్చుని చేతులు కడుక్కుంటున్నారు. నేను గుడ్డ తడిపేదాకా చూసి అప్పుడు అన్నారు.

"ఆగండి మాస్టారూ. రేపు వాళ్ళు చూడ్డానికి వస్తామన్నారు."

వస్తే రానివ్వండి, టైర్ల మాటేమిటి అన్నాను. ఈ వాలకంతో పోతే చీటీ ఒక్కటి పడదు, వానాకాలానికి బండి ఉండదు అన్నాను. నా గొంతు కొంచెం పెద్దదైంది కూడా. ఆవిడ కోప్పడలేదు.

"తెలుసండి. టైర్లు రాకపోతే నడుస్తాను. పడవలకని దాచుకున్న తారంతా దీనికి పూసేసేరు. వాళ్ళ కళ్ళముందు దాన్ని తుడుచుకుపోతే, రేపు ఏ మొహం పెట్టుకుని వాళ్ళ గుమ్మం ఎక్కుతానండీ?"

నేను డబ్బాకు మూత పెట్టాను.

ఆదివారం స్టేషను దగ్గర బళ్ళు వరసగా నిలబడ్డాయి. ముందు మిల్లు యజమాని కారు, అద్దంలా ఉంది. తరువాత ఒక వకీలుగారి చిన్న పసుపు బండి, జమీందారీవాళ్ళ బండి ఒకటి, ఇంకా కొన్ని. అన్నిటికీ వెనక మాది. మేం అక్కడికి చేరేసరికే మా బండికి ఒక నాటకం కరపత్రం, రెండు కోడి ఈకలు, దూదేకేవాళ్ళ అంగడి ముందు అంటుకున్న దూది ఉన్నాయి. చూసినవాళ్ళు ముక్కు మూసుకుని నవ్వారు. నేను బూర మోగించే సీట్లో కూర్చుని ఎటూ చూడకుండా తిన్నగా ముందుకు చూశాను. నర్సమ్మగారు మాత్రం రోజూ కాన్పుకు పోతున్నట్టే కూర్చున్నారు. మా వెనక లంకలవాళ్ళు, ఎంతమందో చెప్పలేను, ఉతికిన బట్టలు కట్టుకుని, చంకల్లో పిల్లలతో నడిచి వచ్చారు. వాళ్ళలో ఏ ఒక్కరూ నవ్వలేదు. వాళ్ళ దృష్టిలో ఆ వరసలో సరిగ్గా ముస్తాబైన బండి మాదొక్కటే.

మెయిన్ బజారులో మొదలైంది అసలు సంగతి. షాపులవాళ్ళు మేడల మీదనుంచి చల్లడానికి బుట్టల కొద్దీ బంతిపూలూ చామంతులూ తెప్పించి పెట్టుకున్నారు. మిల్లు యజమాని కారు మీద మొదట చల్లారు. నున్నగా రుద్దిన కారు కదా, పడిన పూలు పడినట్టే జారి నేలమీదికి పోయాయి. తరువాతి బళ్ళ మీదా అంతే. మా బండి వచ్చేసరికి నవ్వుతాలుకు ఒకతను ఒక దోసెడు విసిరాడు. ఆ పూరేకులన్నీ ఇంజను మూత మీద ఎక్కడ పడినవి అక్కడ అతుక్కుపోయాయి.

అది చూసి పక్క మేడవాళ్ళు ఇంకో బుట్ట గుమ్మరించారు. ఒక్క రేకు రాలలేదు. ఇక ఆ వీధిలో ఎవరికీ చెయ్యి ఆగలేదు. మిగతా బళ్ళ కోసం దాచుకున్నవి కూడా మామీదే పోశారు. తివాచీలు నేసేవాళ్ళ వీధి మలుపుకు వచ్చాం. తివాచీ నేశాక పైన కత్తెరతో సమం చేస్తారు, ఆ రాలిన ఉన్ని తుక్కు రంగురంగులుగా గంపలకొద్దీ ఉంటుంది. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు పరదాల చాటునే ఉంటారు, మగ డాక్టరు ముందుకు రారు. వాళ్ళ కాన్పులన్నీ నర్సమ్మగారివే. పై కిటికీల పరదాల కిందనుంచి గాజుల చేతులు బయటికి వచ్చి ఎరుపూ నీలమూ ఆకుపచ్చా ఉన్ని గంపలు గంపలుగా వదిలాయి. మా బండికి ఒళ్ళంతా పూలూ ఉన్నీ పట్టి, చక్రాలున్న తివాచీ బజారులో నడిచిపోతున్నట్టయింది. కింద తారు ఉందంటే నమ్మేవాళ్ళు లేరు. నేను సిగ్గు విడిచి బూర వాయించాను. నా వెంట్రుకల్లోనూ బంతిరేకులే. నర్సమ్మగారు అంతసేపట్లో ఒక్కసారే మాట్లాడారు, ముందు అద్దం మీద పూలు కాస్త తీసెయ్యండి మాస్టారూ, దారి కనబడటం లేదు అన్నారు.

కాలవ వంతెన దగ్గర గండం వచ్చిపడింది. ఎత్తు ఎక్కేటప్పుడు బండి మూలిగింది, సగంలో దాదాపు ఆగిపోయింది. గడ్డి కుక్కిన చక్రం జారుతోంది. ఇంకెప్పుడైనా అయితే లంకలవాళ్ళు రెండు చేతుల్తో ఎత్తుకుపోయేవాళ్ళే. ఇప్పుడు చెయ్యి వేస్తే పోటీలోంచి పోయినట్టే. ఆవిడ వెనక్కి తిరక్కుండానే, "ఎవరూ చెయ్యెయ్యకండి" అన్నారు. నేను వెనక్కి చూశాను. మగవాళ్ళంతా చేతులు చాచి బండికి బెత్తెడు దూరంలో ఆపి, దానితోపాటు ఒక్కొక్క అడుగే వేస్తున్నారు. ముట్టుకోలేదు గాని అంత బలం ఆ చేతుల్లోంచి వస్తున్నట్టే ఉంది. బండి దగ్గింది, వణికింది, ఎక్కింది. వంతెన మీద మోగిన ఈలలు స్టేషను దాకా వినిపించాయని తరువాత చెప్పారు.

మైదానంలోకి రాగానే క్లబ్బు మనిషి ఒకాయన అడ్డం వచ్చాడు. వంతెన మీద జనం తోశారు, వెనకనుంచి నా కళ్ళతో చూశాను, ఈ బండి పోటీలో లేదు అన్నాడు. లంకలవాళ్ళు గోలగోలగా, లేదండి, దేవుడిమీదొట్టండి అన్నారు. వాళ్ళ మాట ఎవరు వింటారు. గోల ముదిరేటప్పటికి క్లబ్బు సెక్రటరీగారు వచ్చారు. నర్సమ్మగారు బండి దిగి, "వెనక ఓసారి చూడండి బాబూ. పచ్చి తారండి అది. చెయ్యి పడితే అచ్చు పడుతుంది" అన్నారు.

సెక్రటరీగారు వెనక్కి వెళ్ళి చూశారు. పూలూ ఉన్నీ ఒక్కచోట కూడా చెదరలేదు. ఎక్కడా వేలిముద్ర లేదు. అప్పటికీ అనుమానం తీరక ఆయనే అరచెయ్యి పెట్టి నొక్కారు. తీసేసరికి చేతినిండా తారూ బంతిరేకులూ వచ్చాయి, బండి మీద ఐదు వేళ్ళూ అచ్చుగుద్దినట్టు పడ్డాయి. మైదానమంతా ఘొల్లుమంది. ఆయన మంచిమనిషి, తానూ నవ్వేసి, తోసింది నేనొక్కణ్ణేనని రాసుకోండి అన్నారు. నేను కిరసనాయిలు డబ్బా ఎందుకైనా మంచిదని సీటు కింద పెట్టుకు వచ్చాను. అది ఆయన చేతికి పనికొచ్చింది.

తరువాత చీటీలు. ఆడవాళ్ళు కుండల దగ్గరికి పోవడానికి మొదట కొంచెం జంకారు, మగవాళ్ళు చూస్తున్నారని. అప్పుడు మిల్లు యజమానిగారి భార్య తమ పెద్ద కారులోంచి దిగారు. పట్టుచీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని మైదానం ఈ చివరనుంచి ఆ చివరకు అందరూ చూస్తుండగా నడిచి వచ్చి, తన గులాబీరంగు చీటీ మా కుండలో వేశారు. మిల్లు యజమాని మొహం ఎర్రబడింది. ఏవిటిది అన్నట్టు చూశారు. ఆవిడ నెమ్మదిగానే అన్నారు గాని అందరికీ వినిపించింది.

"బండి మనదేనండి. ఓటు నాది."

ఆవిడకు రెండు కాన్పులు కష్టమై బిడ్డలు దక్కలేదని, మూడో బిడ్డ నర్సమ్మగారి చేతిలో నిలిచిందని ఆ తరువాత ఎవరో చెప్పారు. అప్పటికి ఆ సంగతి ఎవరూ ఎవరినీ అడగలేదు. ఆవిడ వెనక ఆడవాళ్ళు వరసకట్టారు. లంకలవాళ్ళూ, బజారు ఆడవాళ్ళూ, రిక్షా తెరచాటున వచ్చిన తివాచీలవాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళూ. మా కుండ నిండి అంచులదాకా వచ్చింది. చీటీలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు గాని, కుండలు చూసిన ఎవరికైనా లెక్క అక్కర్లేదు.

ఆ లెక్క పూర్తికాకముందే సైకిలు మీద ఒక మనిషి రొప్పుకుంటూ వచ్చాడు. రేవు దగ్గర ఊళ్ళో ఒకామెకు నొప్పులట. నర్సమ్మగారు ఇంకో ప్రశ్న వెయ్యలేదు, సంచీ ఉందా లేదా అని చూసుకున్నారు. నేను హ్యాండిలు తిప్పుతూ, ఒక్క పావుగంట ఆగండి, వేదిక మీద మీ చేతికి ఇస్తారు అని బతిమాలాను.

"మీరుండి తీసుకోండి మాస్టారూ. ఆ అమ్మాయి ఆగదు కదండీ."

పూలబండి మైదానం దాటి వెళ్ళిపోయింది. పక్కన బూర మోగించే మనిషి లేడు కనక, తప్పుకోండయ్యా అన్న ఆవిడ కేక చాలాదూరం వినిపించింది. జనం తప్పుకుని దారి ఇచ్చారు. అలా నర్సమ్మగారి పేరు వేదిక మీద పిలిచినప్పుడు ఆవిడ లేరు, నేనే ఎక్కాను. నా జీవితంలో అన్ని చప్పట్లు నాకు ఎప్పుడూ పడలేదు, ఇకముందు పడవు కూడా. అవి నావి కావని నాకు తెలుసు గాని, నిజం చెప్పాలంటే, ఛాతీ పొంగింది.

ఆ టైర్లమీద ఆవిడ ఇంకా కొన్ని వానాకాలాలు గట్టు ఎక్కారు. ఆ పెద్దమనిషి టైర్లు గట్టివే ఇచ్చాడు. ఎందరు పిల్లలు పుట్టారో లెక్క ఆవిడా పెట్టుకోలేదు. చివరి రోజుల్లో నడుము పట్టేసి ఆవిడే మంచాన పడితే, కలిదిండిలో ఒక ఇంటివాళ్ళు వచ్చి బతిమాలి తీసుకుపోయారు. ఆ ఇల్లాలికీ ఆ ఇల్లాలి అమ్మకూ కూడా పురుడు పోసింది ఆవిడేనట. ఆవిడకు సొంతవాళ్ళెవరూ లేరని ఊళ్ళో అంటుండేవారు. ఆ మాట ఎవరన్నారో గాని, నిన్న కలిదిండి వెళ్ళి చూసి ఉంటే తెలిసేది. నేను వెళ్ళేసరికి లంకలనుంచి పడవలు ఇంకా వస్తూనే ఉన్నాయి. నేను అక్కడ ఏడ్చాను. నీళ్ళు కాచమని చెప్పేవాళ్ళు లేరు కదా.

ఆవిడను తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ ఆదివారం సాయంత్రమే కనిపిస్తుంది. వేదిక దిగాను, నాలుగు కొత్త టైర్లు ఉన్నాయి, మోసుకుపోవడానికి బండి లేదు. జట్కా మాట్లాడదామా అని నేను ఆలోచిస్తుండగానే లంకలవాళ్ళు నలుగురు ముందుకొచ్చి టైర్లను నిలబెట్టారు. ఇంతలో మనమే రేవుకి పట్టుకెళ్ళిపోదామండి, అమ్మగారు పురుడు పోసొచ్చేలోగా బండికి బిగించెయ్యొచ్చండి అన్నారు. ఆ నలుగురిలో ఒకాయనకు మీసాలు నెరిసిపోయాయి. పంచెలు ఎగగట్టి, చిన్నపిల్లలు చక్రం దొర్లించినట్టు అరచేత్తో కొడుతూ దొర్లించుకుంటూ బయలుదేరారు. నేను సైకిలు మీద వెనకపడ్డాను. పొద్దు వాలుతోంది. కోతలైన చేల మధ్యనుంచి కాలవగట్టు దారి తిన్నగా కొల్లేటి వైపు పోతోంది. ఊళ్ళలో వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి ఎవరివండీ ఈ టైర్లు అని అడిగారు, నర్సమ్మగారివి అనగానే చేతిలో పని వదిలేసి మా కూడా వచ్చారు. కాలవ లాకు దగ్గర దిగుడులో నాలుగు టైర్లూ చేతులు తప్పించుకుని వాటంతటవే ముందుకు ఉరికాయి. నెరిసిన మీసాలాయన నవ్వుతూ, రొప్పుతూ, రెండు చేతులూ ముందుకు చాచి వాటి వెనక పరుగెత్తాడు. ఆయన వెనక మేమంతా.